గృహవిజ్ఞానము: చివరి యింటి దీపము



రామకుప్పము మండలమునుండి ఒక సోదరి వ్రాసిన జాబు ఈ నెల నా బల్లమీద నున్నది. జాబు చిన్నదే గాని, అందలి ప్రశ్న మాత్రము మనలో పెక్కండ్రకు నేడో రేపో యెదురు కాగలది. కావున ఈ మాసపు పుటలను దానికే వినియోగించుచున్నాను. ఆమె వ్రాసిన దిది:

"మా యిల్లు వీధికి చివరది. వీధి మొదటనున్న రెండిండ్లవారు డాబాలమీద సౌరఫలకములు పెట్టించుకొనిరి. మావారు కూడ పెట్టింతమనుచున్నారు. ఎట్లును పెట్టుచున్నాము గదా, డాబా నిండునట్లు 5 కిలోవాట్లు పెట్టింతము, మిగిలిన కరెంటు అమ్ముకొందము అని వారి యాలోచన. చేతిలో అంత సొమ్ము లేదు. పుట్టింటివారు పెట్టిన గాజులు నాలుగున్నవి. వానిని అమ్ముదమా యని యడిగినారు. అత్తగారు 'మీ యిష్ట' మని యూరకున్నారు. మా యింట నెలకు 100 యూనిట్లకు మించి కాలదు. ఇత్తునా, మానుదునా?"

గాజుల సంగతి ఆలుమగలు తేల్చుకొనవలసినది. అందు నేను తలదూర్చను. కాని ఒక యింటి కప్పుమీద ఎంత విద్యుత్తు పుట్టుట మేలు, అది వీధిలో ఎచ్చట పుట్టుట మేలు అను ప్రశ్నకు శాస్త్రము స్పష్టముగ సమాధానము చెప్పును. ఆ సమాధానము తెలిసినచో గాజుల ప్రశ్న సగము తేలినట్లే.

మొదట చివరి యింటి సంగతి. నా బాల్యమున మేమున్న పల్లెలోను మా యిల్లు తీగకు కొసయే. సాయంకాలము పొలములలో మోటార్లు తిరుగుట మొదలిడగనే మా దీపము గుమ్మడిపండు రంగునకు తిరిగెడిది. వీధి మొదటి యింట అదే దీపము తెల్లగా వెలుగుచుండెడిది. "వారి దీపము మంచిది, మనది చెడ్డది" అని మేము పిల్లలము తగవులాడుకొనెడివారము. దీపములు రెండును ఒక్క దుకాణమున కొన్నవే! భేదమంతయు తీగలో నున్నది.

తీగలో పోవు విద్యుత్ప్రవాహము దారిపొడవునను కొంత వేడియై నశించును. ఆ నష్టము ప్రవాహముతోపాటు సమముగా పెరుగక, దాని వర్గము చొప్పున పెరుగును. అనగా ప్రవాహము రెట్టింపైనచో నష్టము నాలుగింతలు, మూడింతలైనచో తొమ్మిదింతలు. వోల్టేజియు దారిలో క్రమముగా తగ్గుచు పోవును. కావుననే కొసనున్న యింట దీపము మసకబారును, గ్రైండరు మూలుగును, నీటిమోటారు వేడెక్కి చుట్ట కాలిపోవును. ఇందు దీపముల తప్పుగాని, గ్రైండరు తప్పుగాని లేదు.

ఈ నష్టము తప్పించుటకే విద్యుత్తు చరిత్రలో సగము శ్రమ జరిగినది. 1882వ సంవత్సరము సెప్టెంబరు 4వ తేదీన న్యూయార్కు నగరమున ఎడిసన్ పెట్టిన విద్యుత్కేంద్రము ఊరి నడుమనే యుండెను. తక్కువ వోల్టేజిపై ఏకముఖ ప్రవాహమును చాల దూరము పంపుట ఆనాటి పద్ధతికి సాధ్యము కాలేదు. పిమ్మట ట్రాన్సుఫార్మరు వచ్చెను. వోల్టేజి హెచ్చించినచో అదే శక్తిని తక్కువ ప్రవాహముతో పంపవచ్చును. ప్రవాహము తగ్గెనా, నష్టము ఇంకను వేగముగ తగ్గును. దీనితో విద్యుత్తు ఎచ్చటనో జలపాతమువద్ద పుట్టి ఎచ్చటికో పోవు కాలము వచ్చినది.

ఈ కథలో ఒక గొప్ప ఘట్టము మన సోదరి యూరికి పొరుగుననే జరిగినది. కుప్పము ప్రాంతమునకు సరిహద్దుననే కోలారు బంగారుగనులుండెను. ఆ గనులకొరకు మైసూరు సంస్థానమువారు కావేరిమీద శివనసముద్రము జలపాతమువద్ద విద్యుత్తు పుట్టించి, సుమారు 92 మైళ్ల తీగలపై తెచ్చి, 1902వ సంవత్సరము జూన్ 30వ తేదీన గనులకు అందించిరి. ఆనాటికి లోకమున అంత పొడవైన విద్యున్మార్గము లరుదు. బెంగుళూరు వీధులలో విద్యుద్దీపములు వెలిగినది తరువాత, 1905లో. అనగా ఈ ప్రాంతమునకు కరెంటు మొదట బంగారము కొరకు వచ్చినది. నేడు మన సోదరి కరెంటు కొరకు బంగారము నమ్ముదునా యని యడుగుచున్నది!

కప్పుమీది సౌరఫలకములు మరల ఎడిసన్ దారినే పట్టుచున్నవి. విద్యుత్తును వాడుకొను చోటనే, లేక దానికి దగ్గరనే పుట్టించుటను వికేంద్రిత విద్యుదుత్పత్తి యందురు. ఇది నష్టమును తగ్గించునా? తగ్గించును. కాని ఎల్లప్పుడును కాదు. ఎంత, ఎచ్చట, ఎప్పుడు అను మూడు ప్రశ్నలపై ఆధారపడియుండును. కాగితమును పెన్సిలును తీసికొని నాతో కూడ లెక్క వేయుడు. ఇది కూడికయు హెచ్చవేతయు మాత్రమే.

ఒక వీధిలో మూడిండ్లున్న వనుకొందము. ట్రాన్సుఫార్మరునుండి మొదటి యింటికి ఒక మూర తీగ, అచ్చటినుండి రెండవ యింటికి ఒక మూర, అచ్చటినుండి మూడవ యింటికి ఒక మూర. (నిజమున మూర చాలదు, లెక్క సుళువునకు అట్లనుచున్నాను.) ప్రతి యింటికిని ఒక పాలు కరెంటు కావలెను. మొదటి మూర తీగలో మూడిండ్ల పాలును పోవును, అది 3. రెండవదానిలో 2. మూడవదానిలో 1. నష్టము ఈ సంఖ్యల వర్గముల మొత్తము: 9, 4, 1 కలిసి 14.

ఇప్పుడు రెండవ యింటికప్పుమీద 2 పాళ్ల సౌరఫలకము లుంచుదము. ఆ యిల్లు తన పాలు తీసికొని, ఒక పాలు మూడవ యింటికి పంపును. రెండవ మూర తీగలో ఏమియు పోదు. మొదటి మూరలో ఒక పాలు, మూడవ మూరలో ఒక పాలు. నష్టము 1, 0, 1 కలిసి 2 మాత్రమే! పదునాలుగు రెండుగా తగ్గినది. అవే 2 పాళ్ల ఫలకములు మొదటి యింట నుంచినచో? మొదటి మూరలో 1, రెండవదానిలో 2, మూడవదానిలో 1, నష్టము 6. ఫలకములు అవియే, ఖర్చు అదియే, కాని చోటు మారుటచే నష్టము మూడింతలైనది. మూడిండ్లలోను తలకొక పాలు పెట్టుకొన్నచో తీగలో ప్రవాహమే యుండదు, నష్టము సున్న.

ఇక "డాబా నిండునట్లు" అను ఆలోచన చూతము. మూడిండ్లవారును తమకు ఒక పాలే కావలసియుండగా తలకు మూడు పాళ్లు పెట్టించిరి. ప్రతి యిల్లును రెండేసి పాళ్లు వెలుపలికి నెట్టును. ప్రవాహము తిరుగుముఖమై మూడవ మూరలో 2, రెండవదానిలో 4, మొదటిదానిలో 6. నష్టము 4, 16, 36 కలిసి 56! ఫలకములు లేనప్పటికంటె నాలుగింతలు. ఒక్క చివరి యింటనే 6 పాళ్లు పెట్టినను నష్టము 50. కరెంటు ఏ దిక్కునకు పోయినను తీగ వేడెక్కుట మానదు గదా!

చారులో ఉప్పు వంటిదీ విషయము. లేకున్నను చారు చెడును, హెచ్చైనను చెడును.

ఇది నేను వంటింటి లెక్కకై కల్పించిన వీధి. నిజమైన జాలములలో తీగల మందము, ఇండ్ల వాడుక వేరువేరుగా నుండును. కాని సూత్రము మారదు. వీధిపొడవునను ఇండ్లు సమానముగ నుండి, తీగయు ఒకే మందముగలదైనచో, మొత్తము అవసరములో మూడింట రెండు పాళ్ల శక్తిని, మొదటినుండి మూడింట రెండు పాళ్ల దూరమున పుట్టించుట మిక్కిలి మేలని ఇంజనీర్లు గణించిరి. అట్లు చేసినచో నష్టము తొమ్మిదవ వంతునకు తగ్గును. బారన్, వూ అను నిద్దరు పండితులు 1989లో 33 కూడళ్లు గల యొక మాదిరి విద్యుజ్జాలమును ప్రకటించిరి. లోకమున ఈ విషయము పరిశోధించువారు పెక్కండ్రు తమ పద్ధతులను దానిపైననే పరీక్షించుచున్నారు. ఆ జాలమున ఏమియు చేర్చకున్నచో నష్టము సుమారు 203 కిలోవాట్లు. తగిన చోట తగినంత పెద్ద ఉత్పత్తికేంద్ర మొక్కటి పెట్టినచో అది 111కు దిగును. ఒక్కటిగా గాక మూడుచోట్ల చిన్నవి పంచిపెట్టినచో సుమారు 73కు దిగును. ఒక పెద్దదానికంటె చోటెరిగి పెట్టిన చిన్నవి మూడు మేలన్నమాట.

ఇప్పుడు మరల రామకుప్పము పోదము. కుప్పము, గుడుపల్లె, శాంతిపురము, రామకుప్పము మండలములలో విద్యుత్తు పంచుటకు గ్రామీణ విద్యుత్ సహకార సంఘ మేర్పడినది. అట్టి సంఘము విద్యుత్తును టోకున కొని సభ్యులకు పంచును. కావున దారిలో నశించిన ప్రతి యూనిట్టును ఎవరో దూరపువారి సొత్తు కాదు. అది సభ్యుల యుమ్మడి సొమ్మే. 2025వ సంవత్సరము జనవరిలో కుప్పము నియోజకవర్గములోని నడిమూరు గ్రామమున ఇంటింటి సౌరవిద్యుత్తు పథకమును మాదిరిగా ప్రారంభించిరి. నియోజకవర్గ మంతటికిని దీనిని విస్తరింపవలెనని సంకల్పము ప్రకటింపబడినది. దీనికి ఆధారమైన కేంద్రప్రభుత్వపు సూర్యఘర్ పథకము 2024వ సంవత్సరము ఫిబ్రవరిలో వచ్చినది. దేశమున కోటి యిండ్లు దాని లక్ష్యము. అందు సహాయధనపు తీరు గమనింపదగినది: 1 కిలోవాటుకు 30,000 రూపాయలు, 2 కిలోవాట్లకు 60,000, మూడింటికి 78,000. మూడు దాటి ఎంత పెట్టినను అంతే, పైకము పెరుగదు. అనగా నాలుగవ, ఐదవ కిలోవాట్ల ఖర్చు పూర్తిగా మన చేతిదే. సోదరి భర్తగా రీ సంగతి గమనించిరో లేదో!

ఊరంతయు ఒక్కమారు డాబాలు నింపినచో నేమగునో చూతము. ఒక వీధికి 25 కిలోవోల్టు ఆంపియరుల చిన్న ట్రాన్సుఫార్మ రొకటి యున్న దనుకొనుడు. ఇరువదిమంది తలకు 5 కిలోవాట్లు పెట్టిరేని మధ్యాహ్నము 100 కిలోవాట్ల వరకు పుట్టును. ఆ వేళ ఇండ్లలో వాడుక స్వల్పము. మిగిలినది ట్రాన్సుఫార్మరుమీద పడును, వీధిలో వోల్టేజి పెరుగును. వోల్టేజి హద్దు మీరినచో ఫలకములకు తగిలించిన ఇన్వర్టరు తననుతాను ఆపుకొనును. మొదట ఆగునది ఏ యింటిదో తెలియునా? సాధారణముగ కొసయింటిదే, అచ్చటనే వోల్టేజి యెక్కువగ పెరుగును. చీకటివేళ తక్కువ వోల్టేజితో బాధపడిన చివరి యిల్లే పట్టపగలు ఎక్కువ వోల్టేజితోను బాధపడును. గాజులమ్మి పెట్టిన ఫలకములు మండుటెండలో ఊరక నిలిచియుండుట కంటె దుఃఖమేమున్నది? కావున ఎవరు పెట్టుకొనదలచినను, మీ ట్రాన్సుఫార్మరుపై ఇప్పటికే ఎంత సౌరశక్తి చేరినది, ఇంకెంత పట్టును అని విద్యుత్తువారి ఆఫీసున ముందుగా విచారింపవలెను.

మూడవ ప్రశ్న "ఎప్పుడు" అనునది. సూర్యు డుదయాస్తమయముల నడుమనే పనిచేయును. మన దీపములు, విసనకర్రలు, టెలివిజను రాత్రి పనిచేయును. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున సౌరశక్తి విస్తరించునప్పుడు, దినమంతటిలో తక్కిన కేంద్రములనుండి కావలసిన విద్యుత్తును గీతగా గీచి 2013లో చూపిరి. అది మధ్యాహ్నము పొట్టవలె క్రిందికి దిగి, సాయంకాలము మెడవలె నిక్కెను. బాతు బొమ్మవలె నున్నదని దానికి బాతుగీత యని పేరు పెట్టిరి. మధ్యాహ్నము కరెంటు పొంగిపొరలును, దీపాల వేళకు కరవు వచ్చును.

ఈ విషయమున పల్లెకు పట్టణముకంటె ఒక మేలు కలదు. బోరుబావుల మోటార్లు పగటిపూటనే తిరుగును. మన రాష్ట్రమున వ్యవసాయమునకు పగటివేళ 9 గంటలు కరెంటు ఇచ్చు పద్ధతి యున్నది. సూర్యుడు పుట్టించు వేళకును మోటారు త్రాగు వేళకును చక్కగ పొత్తు కుదురును. అందుచేతనే 2019లో వచ్చిన కుసుమ్ పథకమున, అర మెగావాటునుండి 2 మెగావాట్ల వరకు సౌరకేంద్రములను గ్రామసబ్‌స్టేషనుల సమీపమున పెట్టుట యొక భాగముగ చేర్చిరి. ఊరి మోటార్లకు ఊరి యెండయే చాలునట్లు చేయుట దాని యాశయము. వాడుక యెచ్చటనో ఉత్పత్తి యచ్చటనే యుండవలెనను సూత్రమే యిదియు.

ఇంటిలో ఈ పొత్తు కుదుర్చు పని గృహిణిది. కప్పుమీద ఫలకములున్న యింట పిండి రుబ్బుట, నీరు పట్టుట, బట్టలు ఉదుకుట, ఇస్త్రీ చేయుట ఉదయము పదింటికిని మధ్యాహ్నము మూడింటికిని నడుమ ముగించుకొనవలెను. ఇడ్లీపిండి రాత్రి తొమ్మిదింటికి రుబ్బుటకు మారుగ పగటివేళ రుబ్బుట కేమి కష్టము? పప్పు తెల్లవారి నానవేసినచో సరిపోవును. ఇట్లు చేసిన వీధిలో మధ్యాహ్నపు పొంగు తగ్గును, సాయంకాలపు కరవును తగ్గును. ఏ పండితుని గణితమును దీనికంటె చౌకయైన ఉపాయము చెప్పజాలదు. దీనికి సహాయధనము కూడ నక్కరలేదు.

మరియొక భ్రమ తొలగింపవలసి యున్నది. "ఫలకములుండగా కరెంటు పోయినను మాకేమి?" అని కొందరనుకొందురు. బ్యాటరీ లేని సాధారణ ఇన్వర్టరు, వీధి కరెంటు పోయిన తక్షణమే తానును ఆగిపోవును. ఇది లోపము కాదు. తీగ బాగుచేయుటకై స్తంభ మెక్కినవాడు కరెంటు లేదనుకొని తీగ ముట్టుకొనును. మన కప్పునుండి వచ్చిన కరెంటు అతని ప్రాణము తీయరాదు గదా! అతనికిని ఇంటివద్ద ఎదురుచూచు ఇల్లాలున్నది. కరెంటు లేని వేళకూడ దీపము కావలెనన్నచో బ్యాటరీ వేరుగ పెట్టుకొనవలెను. దాని ఖర్చు వేరు.

ఇక సోదరికి నా సమాధానము. అమ్మా, మీయింట నెలకు 100 యూనిట్లు కాలుచున్నవని వ్రాసితిరి. 1 కిలోవాటు ఫలకములు నీడ పడని చోట నుంచినచో మన యెండకు సగటున దినమునకు 4 యూనిట్ల వరకు నిచ్చును. నెలకు సుమారు 120. మీకు ఒక కిలోవాటే చాలును. దానికి నూరు చదరపుటడుగుల చోటు సరిపోవును. మున్ముందు విద్యుత్పొయ్యి వంటివి కొనదలచినచో 2 కిలోవాట్లు. అంతకు మించి వలదు. తక్కువ యూనిట్లు కాల్చువారికి యూనిట్టు ధరయు తక్కువ తరగతిలోనే యుండును. కావున మీకు మిగులునదియు స్వల్పమే. వెలుపలికి పంపిన మిగులు యూనిట్లకు వచ్చు ధర, మనము కొను ధరతో సమానమని తలంపరాదు. కరెంటు వ్యాపారము చేయుటకు డాబా పొలము కాదు.

గత పండ్రెండు నెలల బిల్లులు తీసి, అన్నిటిని కూడి, పండ్రెండింట భాగించి మీవారి ముందుంచుడు. వాదముకంటె లెక్క మేలు. కేంద్రసహాయము పోగా ఎంత పడునో, రాష్ట్రసహాయ మేమైన మీ కుటుంబమునకు వర్తించునో ఆఫీసున విచారించి, మిగిలినది పొదుపునుండి పెట్టగలరేని పెట్టుడు. వీధి మొదటి రెండిండ్లకంటె మీ చివరి యింటి ఫలకములే తీగకు ఎక్కువ మేలు చేయగలవు, మితముగ నున్నంతవరకు. పగటివేళ మీ గ్రైండరు మూలుగుట తగ్గును. మీ ప్రక్కయింటివారిది కూడ. రాత్రి వెలుగునకు మాత్రము ఇది మందు కాదు. అది తీగ మందము పెంచుటచేతను, ట్రాన్సుఫార్మరును ఇండ్లకు దగ్గరగ జరుపుటచేతను కుదురవలసినది. వీధివారందరు కలిసి అర్జీ పెట్టుకొనుడు.

ఇంకొక్క మాట. మీ వీధి ఇల్లాండ్రు ఒక సాయంకాలము అరుగుమీద కూర్చుండి, ఎవరింట నెంత కాలుచున్నదో, ఎవరెంత పెట్టుకొనదలచిరో ఒక కాగితముమీద వ్రాసికొనుడు. పై మూడిండ్ల లెక్క మీ వీధికి మీరే వేసికొనవచ్చును. ఒక యింటికి మేలైనది వీధికి కీడు కాకుండ చూచుకొనుట ఇందలి ధర్మము.

గాజుల మాట నేననను అంటిని. అయినను ఈ లెక్క చూచిన పిమ్మట వానిని చేతులనుండి తీయవలసిన యవసరము నాకు కనబడుట లేదు. మీరు లెక్క వేసి ఏమి తేలినదో నాకు వ్రాయుడు.